జెస్సో పూయగానే అట్ట అప్పడంలా లేచిపోతోంది. నాన్న రిటైర్మెంటుకి 20 రోజులే ఉంది, కాస్త చెప్పండి

ఎంవీపీ_అట్టముక్క | ఆగస్టు 11, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరు పెట్టే ఫోటోలు చూసి మురిసిపోవడమే గానీ రాయడం ఇదే మొదలు.

మా నాన్న ఈ నెల 31న పోర్టులో రిటైర్ అవుతున్నారు, 34 ఏళ్ల సర్వీసు. శాలువా, ఫ్లెక్సీ ఎలాగూ ఆఫీసువాళ్లు చూసుకుంటారు. నేను చేత్తో ఒక పెద్ద కార్డు, దానికి వేలాడే ఆరు ట్యాగులు చేద్దామనుకున్నా. కార్డు మీద హార్బరు మూతి దగ్గరి మూడు కొండలు: రాస్‌హిల్ చర్చి, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ. చిప్‌బోర్డుతో (మందపాటి గట్టి అట్ట) కోసి ఒకదాని ముందు ఒకటి నిలబెట్టి, కింద సముద్రం, పక్కన ఒక క్రేను. ట్యాగుల మీద ఆయన డ్యూటీ సామాన్లు.

కష్టాలు ఇవీ.

ఒకటి, చిప్‌బోర్డు కావాలని దొండపర్తిలో ఒక షాపుకి వెళ్తే "ఎన్ని షీట్లమ్మా, ఎనిమిది బై నాలుగా?" అని గోడకి ఆనించిన చెక్కలు చూపించారు. వంటింటి అల్మరాలు చేసుకునే బోర్డు అది. చివరికి ఒక ప్రెస్సువాళ్లు 2 ఎం.ఎం. గ్రే బోర్డు ఇచ్చారు.

రెండు, దానికి ఒకవైపు జెస్సో (రంగు వేసేముందు అడుగున పూసే తెల్ల మందు) పూసి ఫ్యాను కింద పెట్టి పడుకున్నా. పొద్దున లేచేసరికి అప్పడంలా లేచిపోయింది. తిప్పి నిఘంటువు బరువు పెడితే అది నిఘంటువుకే అంటుకుపోయింది. "అ" నుంచి "అం" దాకా మా ఇంట్లో ఇక లేదు.

మూడు, ఎంబాసింగ్ పౌడరు, అదే ముద్ర మీద చల్లి వేడి చేస్తే కరిగి ఉబ్బెత్తుగా మెరిసే పొడి. హీట్ గన్ లేదు కదా అని హెయిర్ డ్రయ్యర్ పెట్టా. బంగారం రంగు పొడి మొత్తం లేచి వంటింటి దాకా పోయింది. రుబ్బిన ఇడ్లీ పిండి మీద కూడా పడింది. అమ్మ ఆ గిన్నె చూసి "లక్ష్మీదేవి వచ్చిందే" అని, ఆ తర్వాత ఏమందో ఇక్కడ రాయలేను.

అట్ట సంగతి ముందు చెప్పండి, ప్లీజ్.

జిగురుపాప | ఆగస్టు 11, రాత్రి 10:58

ఇడ్లీలు బంగారంగా వచ్చాయా అక్కా??

ఎంవీపీ_అట్టముక్క | ఆగస్టు 11, రాత్రి 11:03

పిండి పారబోశాం. ఆ విషయం కదపకు.

ఉక్కునగరం_పెద్దక్క | ఆగస్టు 12, ఉదయం 6:20

అమ్మాయ్, విశాఖలో ఆగస్టులో అట్ట పని పెట్టుకున్నప్పుడే సగం తప్పు. మిగతా సగం ఒకవైపే పూయడం. జెస్సో అంటే ఏమిటి, అక్రిలిక్ జిగురులో సుద్ద, తెల్ల రంగు కలిపిన నీళ్ల మందు. ఆ నీళ్లు ఒకవైపే తాగితే అట్ట ఆ వైపే కదా కదులుతుంది. రెండు వైపులా పుయ్యి, అంచులకి కూడా పుయ్యి. మందంగా ఒకసారి కాదు, పల్చగా మూడుసార్లు. మొదటి పూతలో అట్ట బూడిద రంగు కనిపిస్తూనే ఉండాలి. అప్పుడు సరిగ్గా పల్చగా పూసినట్టు.

ఆరబెట్టడానికి పడుకోబెట్టకు. బట్టలు ఆరేసే తాడుకి క్లిప్పులు పెట్టి నిలువుగా వేలాడదియ్యి, రెండు వైపులా గాలి తగులుతుంది. ఆరిందో లేదో వేలితో చూస్తే తెలీదు, చెంపకి ఆనించు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. మా క్వార్టర్సులో వానాకాలం పూతకీ పూతకీ మధ్య పూట పైనే పడుతుంది నాకు. ఫిబ్రవరిలో అదే పని గంట.

పాత_బైండరు | ఆగస్టు 12, ఉదయం 7:15

పెద్దక్కగారు చెప్పింది నిజం. దాని వెనక సంగతి నేను చెప్తా, వన్‌టౌన్‌లో ముప్పై ఏళ్లు లెడ్జర్లు కుట్టిన చేతులివి.

తల్లీ, నువ్వన్న చిప్‌బోర్డు మా షాపుల్లో ఆ పేరుతో దొరకదు. గ్రే బోర్డు అను, కప్పా బోర్డు అను, పాతవాళ్లయితే మిల్లు బోర్డు అంటారు. పసుపుపచ్చగా, గడ్డి నలుసులు కనిపించేది స్ట్రా బోర్డు. అది మీ పనికి వద్దు, కోస్తుంటే పెళుసుగా విరుగుతుంది. కొందరు షాపువాళ్లు ఇప్పటికీ మందం ఔన్సుల్లో చెప్తారు, కంగారు పడకు. నీ కళ్లతో చూసి, వేళ్ల మధ్య పట్టుకుని తీసుకో.

అసలు కిటుకు ఇది. ఏ అట్టయినా ఒక దిక్కుకి సుళువుగా వంగుతుంది, ఇంకో దిక్కుకి మొరాయిస్తుంది. మిల్లులో గుజ్జు ఏ దారిన పారిందో పీచు ఆ దారిన పడుకుంటుంది. తడి తగిలితే పీచు పొడుగు పెరగదు, లావెక్కుతుంది. అందుకే అట్ట అడ్డంగా సాగుతుంది. తడిసినప్పుడు పూసినవైపు ఉబ్బుతుంది, ఆరేటప్పుడు పైనున్న పొర ముడుచుకుని అటువైపే లాక్కుంటుంది. నీ అట్ట జెస్సో వైపుకే గిన్నెలా లోపలికి వంగి ఉంటుంది, చూసుకో.

మేము పుస్తకం అట్టకి పైన గుడ్డ వేస్తే లోపలివైపు కాగితం ఎందుకు అంటిస్తామనుకున్నావ్? అందానికి కాదు. పైవాడు లాగితే లోపలివాడు వెనక్కి లాగాలి. నీ ట్యాగుకీ అంతే, ముందు డిజైను కాగితం అంటిస్తే వెనక మామూలు కాగితమైనా అంటించాలి.

బరువు పెట్టాలంటే అట్టకీ పుస్తకానికీ మధ్య బేకింగ్ కాగితం గానీ పాలిథిన్ కవరు గానీ వెయ్యాలి. నిఘంటువు తీసుకురా, కుట్టి పెడతా. "అం" దాకా పోయిందన్నావు గనక "అః" నుంచి మొదలెడదాం.

ఎంవీపీ_అట్టముక్క | ఆగస్టు 12, ఉదయం 8:02

మావయ్యగారూ, నిజంగానే లోపలికి గిన్నెలా వంగింది! దాని మీద పెన్సిల్ పెడితే మధ్యకి దొర్లి వస్తోంది.

కంచరపాలెం_కత్తెర | ఆగస్టు 12, మధ్యాహ్నం 1:30

నేను ఆర్కిటెక్చర్ స్టూడెంటుని. మా మోడళ్లన్నీ ఈ బోర్డుతోనే. ఒక్క మాట, 2 ఎం.ఎం. వదిలెయ్ అక్కా. కొండలకి పర్వాలేదు గానీ క్రేను దానితో కోయలేవు. 1 ఎం.ఎం. తీసుకో. మందం కావాలంటే రెండు కోసి అంటించు.

జెస్సో ఖరీదనిపిస్తే ఇంట్లోనే కలుపుకోవచ్చు. తెల్ల అక్రిలిక్ ఒక వంతు, తెల్ల జిగురు ఒక వంతు, పల్చటి గుడ్డలో జల్లించిన సుద్దపొడి రెండు వంతులు, నీళ్లు చెంచాడు చెంచాడు చొప్పున. పెరుగులా జారాలి. నీళ్లు తగ్గించి గట్టిగా కలిపితే అదే టెక్స్చర్ పేస్టు, ఉబ్బెత్తు డిజైన్లకి వాడేది.

జిగురుపాప | ఆగస్టు 12, మధ్యాహ్నం 1:41

సుద్దపొడి బదులు ముగ్గుపిండి వెయ్యొచ్చా? గోడలకి రాసే పుట్టీ?

కంచరపాలెం_కత్తెర | ఆగస్టు 12, మధ్యాహ్నం 1:55

ముగ్గుపిండి రాతిపొడి అయితే వెయ్యొచ్చు, కాస్త గరుగ్గా వస్తుంది, సముద్రపు ఇసుకకి బావుంటుంది కూడా. సున్నం కలిసినదైతే వద్దు, చేతులు మండుతాయి. పుట్టీలో తెల్ల సిమెంటు ఉంటుంది. గోడ కదలదు కాబట్టి అక్కడ నిలుస్తుంది. ట్యాగు కాస్త వంగగానే పెచ్చులూడి ఒళ్లో పడుతుంది.

ఉక్కునగరం_పెద్దక్క | ఆగస్టు 12, సాయంత్రం 5:10

ముగ్గు అంటే గుర్తొచ్చింది. సంక్రాంతికి పూర్ణా మార్కెట్లో అమ్మే చిల్లుల ముగ్గు అచ్చులు లేవూ, పిండి పోసి గీస్తే పద్మం పడేవి, వాటిని స్టెన్సిల్లా వాడు. అట్ట మీద పెట్టి, పాత ఏటీఎం కార్డుతో టెక్స్చర్ పేస్టు ఒక్కసారి లాగు. రెండోసారి లాగావో కిందికి కారి అలుక్కుపోతుంది. అచ్చు నిటారుగా పైకి ఎత్తు, పక్కకి జరపకు. వెంటనే నీళ్లలో పడెయ్, లేకపోతే జనవరిలో ముగ్గు పెట్టుకునేందుకు చిల్లులుండవు.

సగం అచ్చు మాత్రమే వాడితే ఇంకా బాగుంటుంది. పద్మం మొత్తం కనిపిస్తే గుమ్మం ముందు ముగ్గులా ఉంటుంది. ఒక మూల రేకులు మాత్రం పడితే కెరటం అంచు నురగలా ఉంటుంది.

భీమిలి_గాలి | ఆగస్టు 13, ఉదయం 9:25

మీరందరూ నీళ్ల మందు పూసి ఆ తర్వాత నీళ్లతో యుద్ధం చేస్తున్నారు. అసలు నీళ్లే లేని దారి ఉంది కదా, లక్క. కలప పాలిష్ చేసేవాళ్లు స్పిరిట్లో లక్క బిళ్లలు కరిగించి గుడ్డతో రుద్దుతారు చూడండి, అదే రెండు పూతలు అట్టకి పూస్తే పీచు ఉబ్బదు, వంపు రాదు. పది నిమిషాల్లో ఆరిపోతుంది. ఆపైన మీ ఇష్టం, జెస్సో పూసుకోండి, బొమ్మలేసుకోండి.

మన ఏటికొప్పాక బొమ్మలకి ఆ మెరుపు ఎక్కడిదనుకున్నారు? తిరిగే అంకుడు కర్రకి రంగు లక్క కడ్డీ ఆనిస్తే ఆ ఒరిపిడి వేడికి కరిగి పట్టేస్తుంది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటి పక్కన ఇంత విద్య ఉండగా మనం సీసాల్లో వచ్చే విదేశీ సీలర్లు కొంటాం.

ఇంకో ముచ్చట. జెస్సోలో తెలుపు టైటానియం డయాక్సైడు. దానికి ముడి ఖనిజం ఇల్మనైటు. మా భీమిలి బీచిలో కెరటం వెనక్కి పోయినప్పుడు చారలు చారలుగా నల్ల ఇసుక కనిపిస్తుందే, అందులో ఉండేది అదే. అంత నల్లటి దాన్నుంచి అంత తెలుపు.

ఉక్కునగరం_పెద్దక్క | ఆగస్టు 13, ఉదయం 11:00

గాలిగారూ, లక్క నేనూ పూశాను, సరిగ్గా ఇదే నెలలో. తేమ గాలిలో పూస్తే పైన పాల మీగడ కట్టినట్టు తెల్లటి మసక పడుతుంది. నా కార్డు మీది నీలం సముద్రం మజ్జిగ సముద్రమైంది. దాని గురించి చెప్పకుండా పిల్లకి సలహా ఇవ్వకండి.

భీమిలి_గాలి | ఆగస్టు 13, మధ్యాహ్నం 12:15

మీరు రంగు వేశాక పైన పూశారు. నేను చెప్పేది అడుగున, ఒట్టి అట్టకి. అక్కడ మసక పడితే ఎవరికి కనిపిస్తుంది? పైగా మిట్టమధ్యాహ్నం, ఎండ కాసిన రోజు పూయాలి. సాయంత్రం సముద్రం గాలి తిరిగాక ముట్టుకోకూడదు.

ఉక్కునగరం_పెద్దక్క | ఆగస్టు 13, మధ్యాహ్నం 12:31

ఆ ఎండ కాసే రోజు ఈ నెలలో ఎప్పుడో కూడా మీరే చెప్పండి మరి.

పాత_బైండరు | ఆగస్టు 13, మధ్యాహ్నం 2:40

ఇద్దరిదీ నిజమే. అమ్మాయ్, నాలుగు ముక్కలు కోసి రెండింటికి లక్క, రెండింటికి జెస్సో పూసి నీ కళ్లతో నువ్వే చూసుకో. స్పిరిట్ వాసనకి కిటికీ తెరిచిపెట్టు, గ్యాస్ పొయ్యి దగ్గర మాత్రం వద్దు.

ఎంవీపీ_అట్టముక్క | ఆగస్టు 16, రాత్రి 9:37

ఫలితాలు. నాలుగు ముక్కలు చేశా, వెనక పెన్సిల్‌తో నంబర్లు వేశా.

రెండువైపులా పల్చటి జెస్సో: దాదాపు చదును. టేబుల్ మీద పెట్టి మూల నొక్కితే కొద్దిగా టిక్ మంటోంది. పర్వాలేదు.
లక్క ముందు, ఆపైన జెస్సో: పూర్తిగా చదును. కానీ గాలిగారూ, వంటగదంతా ఆసుపత్రి వాసన. అమ్మ రెండోసారి హెచ్చరిక జారీ చేసింది.

కొండలకి లక్క, ట్యాగులకి జెస్సో అని తీర్మానించా. కొండలు మూడూ కోసేశా. వెనక కొండకి నీలం ఎక్కువ, ముందు కొండకి ఎర్రమట్టి రంగు. వెనకది నేరుగా కార్డుకే అంటించి, మధ్యదానికి ఒక వరస ఫోమ్ టేపు, ముందుదానికి రెండు వరసలు. పక్కనుంచి చూస్తే నిజంగా ఓడలోంచి చూసినట్టే ఉంది! నురగ ముగ్గు అచ్చుతో వేశా. పెద్దక్కా, మీకు పాదాభివందనం.

క్రేను మాత్రం నాశనం. జాలీ పని కదా, మూడుసార్లు కోశా, మూడుసార్లూ అడ్డకడ్డీలు తెగిపోయాయి. అంచులు దూదిలా లేస్తున్నాయి.

కంచరపాలెం_కత్తెర | ఆగస్టు 16, రాత్రి 10:05

అక్కా, ఎలా కోస్తున్నావో నాకు కనిపిస్తోంది. ఒకే దెబ్బకి కిందిదాకా దిగాలని నొక్కుతున్నావు. అలా నొక్కితే బ్లేడు పక్కకి ఒరుగుతుంది, కడ్డీ తెగుతుంది.

బ్లేడు ముక్క విరిచి కొత్త మొన తీసుకో. స్టీలు స్కేలు పెట్టు, ప్లాస్టిక్‌ది వద్దు, దాన్ని కూడా కోసేస్తావ్. మొదటి గీత బరువే లేకుండా, పెన్సిల్ గీసినట్టు. రెండోది కొంచెం. అలా ఆరేడు గీతలకి ముక్క దానంతటదే ఊడి రావాలి. లోపలి త్రికోణాలు ముందు, బయటి అంచు చివర. బయటిది ముందే కోస్తే పట్టుకోడానికి అట్టే ఉండదు. మూలల్లో ఎప్పుడూ మూల నుంచి బయటికి లాగు, మూలలోకి పోకు, దాటిపోతుంది. స్కేలు పట్టుకున్న వేళ్లు గీత దారిలో లేకుండా చూసుకో. నా ఎడమ చూపుడు వేలికి మూడు కుట్లు, థర్డ్ సెమిస్టర్ జ్ఞాపకం.

దూది లేచిన అంచులకి గోళ్లు రాసుకునే ఆకురాయి చాలు. ఒకే దిక్కుకి రాయి. ముందే లక్క పూసి కోస్తే దూది లేవదు కూడా.

లేజర్ కటింగ్ షాపులో ఇవ్వొచ్చు గానీ అంచులు నల్లగా కాలి వస్తాయి. ఆ మసి తెల్ల జెస్సో మీదికి అంటుతుంది, ముందు పొడిగుడ్డతో తుడవాలి. రిటైర్మెంటు కార్డంటున్నావు కాబట్టి చేత్తోనే కొయ్యి, వంకర వస్తే రానీ.

డల్లాస్_వైజాగు | ఆగస్టు 17, ఉదయం 7:48

ఇక్కడ రాత్రి, మీ చర్చ మొత్తం ఒకే ఊపులో చదివేశా. పుట్టింది అక్కయ్యపాలెం, ఇప్పుడు డల్లాసులో ఉంటున్నా. ఇక్కడ అన్నీ కోసిపెట్టి, అంచులు తోమిపెట్టి అమ్ముతారు: చక్రాలు, సీతాకోకచిలుకలు, అక్షరాలు. అలమారా నిండా ఉన్నాయి. మీ ముగ్గు అచ్చు ముందు అవన్నీ వెలవెలబోయాయి.

ఎంబాసింగ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. హెయిర్ డ్రయ్యర్ గాలి మెషీను, వేడి మెషీను కాదు. పొడి కరిగే లోపే ఎగిరిపోతుంది. హీట్ గన్‌లో గాలి తక్కువ, వేడి చాలా ఎక్కువ. నిమిషంలో వేలు కాలుతుంది, జాగ్రత్త. ముందు గన్‌ని పక్కకి తిప్పి అర నిమిషం వేడెక్కనివ్వాలి, ఆ తర్వాతే అట్ట మీదికి. వీలైతే అట్ట కిందనుంచి కాచు. చక్కెర పలుకుల్లా ఉన్న పొడి ఒక్కసారిగా నీళ్లలా మెరుస్తుంది. మెరిసిన చోటు నుంచి వెంటనే కదిలిపో. ఇంకా కాస్తే అట్టలోకి ఇంకిపోయి జిడ్డు మరకలా మిగులుతుంది.

పొడి చల్లే ముందు చిన్న గుడ్డ మూటలో టాల్కం పౌడరు కట్టి అట్ట మీద అద్దు. అప్పుడు ముద్ర ఉన్నచోటే పొడి అంటుకుంటుంది. సిరా కూడా నెమ్మదిగా ఆరే పిగ్మెంటు రకం కావాలి. మామూలు స్టాంపు ప్యాడు సిరా పొడి చల్లేలోపే ఆరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, లోపల తడి ఉన్న అట్టని కాస్తే జెస్సో బొబ్బలెక్కుతుంది. పెద్దక్కగారి చెంప పరీక్ష ఇక్కడ కూడా.

ట్యాగు చిల్లు చిరక్కుండా రెండువైపులా గుండ్రటి కాగితం బిళ్లలు అంటించండి. సామాన్లకి కట్టే చీటీలకి అలా బిళ్ల వెయ్యడం మీద 1863లోనే ఇక్కడ డెనిసన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఓడ సామాన్ల చీటీ ఇప్పుడు పోర్టు మనిషికే గ్రీటింగు అవుతోంది, నాకు భలే నచ్చింది.

జిగురుపాప | ఆగస్టు 17, ఉదయం 8:10

బొబ్బలు బావుంటాయి కదా? కావాలని తెప్పించొచ్చా? తుప్పు పట్టిన ఓడలా?

డల్లాస్_వైజాగు | ఆగస్టు 17, ఉదయం 8:26

భేషైన ఐడియా! తడి జెస్సో మీద కావాలనే గన్ పెడితే బొబ్బలొస్తాయి. ఆరాక వాటి మీద గోధుమ, నారింజ రంగులు స్పాంజితో అద్దు. చాలామంది రంగులో దాల్చినచెక్క పొడి కలిపి తుప్పులా చేస్తారు, వాసన కూడా బావుంటుంది.

ఉక్కునగరం_పెద్దక్క | ఆగస్టు 17, ఉదయం 9:00

స్టీల్ ప్లాంటున్న ఊళ్లో, సముద్రం ఒడ్డున కూర్చుని తుప్పు కోసం దాల్చినచెక్క ఖర్చు పెట్టడం ఏటమ్మా! డాబా మీద రెండు మేకులు పడెయ్, వారంలో అసలుదే వస్తుంది. పోయిన ఏడాది కార్డులకి పెట్టిన ఇనుప పిన్నులన్నీ నాకు ఇప్పుడు తుప్పే. చుట్టూ కాగితం కూడా ఎర్రబడింది. నిలవుండాలంటే ఇత్తడివి పెట్టండి.

ఎంవీపీ_అట్టముక్క | ఆగస్టు 21, రాత్రి 11:15

ఇది వింత, ఎవరైనా చెప్పండి. ట్యాగులు పాతబడినట్టు కనిపించాలని ఒట్టి అట్టకి చిక్కటి టీ డికాషన్ పట్టించా. ఒక ట్యాగు మీద ఎంతవరకు పడుతుందో చూద్దామని నాన్న లాకరు తాళంచెవి పెట్టి చూశా, పాతది, పైపూత అరిగిపోయిన ఇనుపది. ఫోను రావడంతో అలాగే వదిలేశా. పొద్దున తీస్తే తాళంచెవి ఆకారంలో నల్లటి మచ్చ! గోధుమరంగు తుప్పు కాదు, నీలం కలిసిన నలుపు. పళ్లతో సహా పడింది. తుడిస్తే పోవడం లేదు. ట్యాగు పారేయాలా?

భీమిలి_గాలి | ఆగస్టు 21, రాత్రి 11:40

పారేస్తే మీతో మాట్లాడను. టీలో ఉండే వగరు ఇనుముతో కలిస్తే వచ్చే నలుపు అది. కలంకారీ పనివాళ్లు నలుపు ఎలా తెస్తారు? ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో నానబెట్టి పులియబెడతారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్లతో గీస్తే గీత నల్లగా తేలుతుంది. అక్కడ కరక్కాయ వగరు, మీ దగ్గర టీ వగరు. పాతకాలపు రాత సిరా కూడా ఈ బాపతే.

ఎంవీపీ_అట్టముక్క | ఆగస్టు 22, ఉదయం 7:05

అయితే ఉంచేశా. తాళంచెవిని కూడా దాని మచ్చ మీదే సరిగ్గా అమర్చి తెల్ల జిగురుతో అంటించేశా. ఆరింటిలో ఇదే బెస్టు.

జిగురుపాప | ఆగస్టు 22, ఉదయం 7:30

జిగురు అంటే గుర్తొచ్చింది. ఇంట్లో మైదా ఉడికించి చేసేది వాడొచ్చా? అమ్మమ్మ అలాగే చేసేది.

పాత_బైండరు | ఆగస్టు 22, ఉదయం 8:50

కాగితానికి కాగితం అంటించడానికి మైదాని మించింది లేదు, నేను జీవితమంతా దానితోనే బతికా. కానీ బొద్దింకకి కూడా అదే ఇష్టం. మేం అందులో మైలుతుత్తం కలిపేవాళ్లం, పురుగు చేరకుండా. అది విషం, ఇళ్లల్లో చిన్నపిల్లలుంటే ఆ జోలికి పోవద్దు. పైగా మైదాలో నీళ్లెక్కువ, అట్ట వంపు కథ మళ్లీ మొదటికొస్తుంది. కార్డులకి వద్దమ్మా.

డల్లాస్_వైజాగు | ఆగస్టు 24, ఉదయం 6:55

కార్డు అయ్యాక అందరం చిన్నవి మార్చుకుందామా? రెండున్నర బై మూడున్నర అంగుళాలు, పేకముక్కంత. 1997లో జూరిచ్‌లో స్టిర్నెమన్ అనే కళాకారుడు మొదలెట్టిన పద్ధతి ఇది, ఒకటే నియమం: అమ్మకూడదు, మార్చుకోవాలి.

కంచరపాలెం_కత్తెర | ఆగస్టు 24, ఉదయం 10:12

నేను రెడీ. సెమిస్టరు పరీక్షలయ్యాక.

ఎంవీపీ_అట్టముక్క | ఆగస్టు 30, రాత్రి 9:20

ఎమర్జెన్సీ. ఎవరైనా మేలుకుని ఉన్నారా?

అన్నీ అయిపోయాయి. కార్డు 9 ఎం.ఎం. మందం వచ్చింది, ఏ కవరూ పట్టలేదు, చొక్కా డబ్బాలో పెట్టా. అంతా ప్రశాంతం అనుకుంటే ఇప్పుడే నాన్న ఇల్లంతా వెతుకుతూ "నా లాకరు తాళంచెవి ఎవరు తీశారు, రేపు అప్పగించాలి" అంటున్నారు. అది ఆయనది కాదట, ఆఫీసుదట! నేనేమో దాన్ని జిగురుతో అంటించి తొమ్మిది రోజులైంది. కత్తితో లేపితే అట్ట పొర కూడా లేచొచ్చేలా ఉంది. టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి.

పాత_బైండరు | ఆగస్టు 30, రాత్రి 9:26

కత్తి పెట్టకు! తెల్ల జిగురు వేడికి మెత్తబడుతుంది. నీ హెయిర్ డ్రయ్యర్ ఉందిగా, తీసుకురా. తాళంచెవి మీదే వేడి పెట్టు, ఇనుము కదా, అదే కిందికి వేడి పంపిస్తుంది. రెండు మూడు నిమిషాలు. గుడ్డతో పట్టుకుని ఒక పక్కనుంచి నెమ్మదిగా తిప్పు, పైకి లాగకు. కింద కుట్టు దారం లాంటిది దూర్చి రంపంలా లాగితే ఇంకా శుభ్రంగా వస్తుంది.

జిగురుపాప | ఆగస్టు 30, రాత్రి 9:27

అక్కా బంగారం పొడి దూరంగా పెట్టి!!

ఎంవీపీ_అట్టముక్క | ఆగస్టు 30, రాత్రి 10:04

వచ్చేసింది. దారం పద్ధతి పనిచేసింది. అట్ట చిరగలేదు. జిగురు తడిగుడ్డతో తుడిచి, తాళంచెవి పూజ గదిలో దొరికినట్టు నటించి ఇచ్చేశా. అమ్మకి అర్థమైపోయింది, ఏమీ అనలేదు.

ట్యాగు మీద ఇప్పుడు నల్లటి మచ్చ ఒక్కటే ఉంది. చుట్టూ ఏమీ వెయ్యాలనిపించలేదు. కింద 34 అని ఎంబాస్ చేసి వదిలేశా.

ఉక్కునగరం_పెద్దక్క | ఆగస్టు 30, రాత్రి 10:20

తాళంచెవి ఉన్నప్పటికంటే ఇదే బావుంది తల్లీ. ఇక పడుకో. పొద్దున పువ్వులు కొనాలి కదా.

ఎంవీపీ_అట్టముక్క | సెప్టెంబరు 1, ఉదయం 8:45

ఇచ్చాను. నిన్న రాత్రి బంధువులంతా వెళ్లిపోయాక, పదకొండింటికి. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. కార్డుని పక్కకి తిప్పి కొండల మధ్య సందులోంచి కూడా చూశారు. తాళంచెవి మచ్చని గోటితో గీకి చూశారు, పోతుందేమో అని. నన్నొకసారి, పూజ గదిని ఒకసారి చూశారు.

ఆఖరికి అన్న మాట: "క్రేను బావుందమ్మా. కానీ ఇది కంటైనర్ల క్రేను. నేను చేసింది ఐరన్ ఓర్ బెర్తులో. అక్కడ ఇది ఉండదు."

కత్తెర తమ్ముడూ, ఓర్ లోడరు (ఖనిజాన్ని ఓడలోకి ఎక్కించే యంత్రం) కొయ్యాలి. జాలీ దీనికంటే ఎక్కువే ఉందట, కాగితం మీద గీసిచ్చారు. ఎక్కడ మొదలెట్టాలి?

కంచరపాలెం_కత్తెర | సెప్టెంబరు 1, ఉదయం 9:10

ఫోటో తీసి పెట్టు అక్కా. లోపలి త్రికోణాలు ముందు.